బండారు మీద ఓటు

పోయిన వారం గోదావరిని కంకర్‌పల్లి కమిటీ షెడ్డు ముందు చెప్పులు విప్పుతుండగా వదిలేశాం. ఒక ఆడమనిషిని వారం రోజుల పాటు ఒంటికాలి మీద నిలబెట్టడం మర్యాద కాదని తెలుసు. అయినా తప్పలేదు. లోపల ఆమె కోసం పసుపు పళ్లెం పెట్టుకుని కూర్చున్నవాళ్లకు మాత్రం మర్యాద ఉందా ఏమిటి?

కొత్తగా చదివేవారికి నాలుగు మాటలు. కోటగిరి మండలంలో కాలువ చివరనున్న ఊరు కంకర్‌పల్లి. సర్పంచ్ ఎన్నిక దగ్గరపడింది. బరిలో ఇద్దరే. ఒకరు మల్లికార్జున్, గ్రామాభివృద్ధి కమిటీ నిలబెట్టిన మనిషి, గోదావరికి వరసకు మరిది. రెండోవాడు ఖాజామియా, కాలువ మీద లష్కర్‌గా ఇన్నేళ్లూ తూములు తిప్పి, ఈమధ్యే ఆ పని మానుకున్నవాడు. ఆయనకూ గోదావరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఎండుతున్న నాటుకు ఒక్క గంట నీళ్లిమ్మని ఆమె తూము దగ్గర కూర్చుని ఏడిస్తే, వంతు నీది కాదని తాళం వేసుకుని పోయాడాయన. ఆ ఏడు ఎకరం వరి పశువుల మేతకు పోయింది. కాబట్టి గోదావరి ఓటు ఎవరికో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అయినా సరే, ఆదివారం పొద్దున డప్పు కొట్టించి ఆడవాళ్లందరినీ పిలిపించారు. బండారు, అంటే మల్లన్న పసుపు, ముట్టి ఒట్టు పెట్టాలట.

కమిటీ తప్పు చేసింది అక్కడే. ఇన్నేళ్ల ఆనవాయితీలో ఒట్టు పెట్టేది మగవాళ్లు. ఇంటికొక మగాడు వచ్చి, మల్లన్న గుడి నుంచి తెచ్చిన పసుపులో వేలు ముంచి, నుదుట పెట్టుకుని, మా ఇంటి ఓట్లు ఫలానా ఆయనకే అంటాడు. ఆ ఓట్లు పడిపోయినట్టే. బండారు ముట్టి మాట తప్పినవాడి ఇల్లు బాగుపడదని ఊరి భయం. ఈసారి కూడా శనివారం నాడే మగవాళ్ల ఒట్లు అయిపోయాయి. కానీ బూత్‌లో అట్టపెట్టె వెనక ఆడవాళ్ల చెయ్యి ఎటు పోతుందో ఎవరికి తెలుసని కమిటీ అధ్యక్షుడు రామస్వామికి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినవాడు ఊరుకుంటే బాగుండేది. ఊరుకోక, నోరున్నవాళ్లను పిలిచి మరీ మైకు ముందు నిలబెట్టాడు.

షెడ్డు నిండా ఆడవాళ్లే. సగం మంది బీడీలు చుట్టేవాళ్లు. వాళ్లకు ఆకు, తమాకు ఇచ్చేది రామస్వామి, చుట్టిన కట్టలు తీసుకునేది రామస్వామి. కార్ఖానా నడిచేది ఆయన ఇంటి ముందరి గదిలోనే. అలాంటి మనిషి ఎదుట తల ఎత్తడం ఎవరికీ అలవాటు లేదు. మగవాళ్లు చుట్టూ నిలబడ్డారు. గోదావరి మొగుడు పోశన్న ఒక స్తంభం చాటున ఉన్నాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసే మనిషి అతను. నిన్నటి పసుపు బొట్టు ఇంకా నుదుటి మీదే ఉంది.

"ఇది గౌరవం ముచ్చట," అన్నాడు రామస్వామి. "మల్లన్న జాతరల మొదటి బోనం ముంగట సర్పంచ్ నడుస్తడు. రేపు ఖాజామియా నడుస్తడా? నడిస్తె ఆయన మతంల తప్పు, నడవకుంటె మనకు నామోషి. నాకు ఆయన మీద కోపం లేదు. మంచోడే. కని వాళ్లయి నూటిరవై ఓట్లు ఒక్క ముద్దలెక్క పడ్తయి. మనయి చీలికలు పేలికలైతయి. గందుకే గీ ఒట్టు."

ఆ మాటల్లో గోదావరికి మొదట తప్పేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఖాజామియా నామినేషన్ వేశాడని తెలిసిన రోజు ఆమె కూడా 'వీళ్లకెందుకు సర్పంచ్‌గిరీ' అనే అనుకుంది. అనుకోలేదని మనం దాస్తే కథ అబద్ధమవుతుంది. తరువాత ఆ మాట తలచుకుని సిగ్గుపడింది కూడా. ఎందుకంటే ఆయన మీద ఆమెకున్న కోపం అది కాదు. సొంత కోపం ఒకటి పెట్టుకుని, ఎవరో వండిన కోపం తిన్నట్టయింది.

ముందుగా తిరుపతమ్మ లేచింది. ఇరవై ఏళ్లుగా కార్ఖానాలో గోదావరి పక్కన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునే మనిషి. పసుపులో వేలు ముంచి, రామస్వామి చెప్పించినట్టే గడగడా చెప్పేసింది.

"మా ఇంటి ఓట్లు మల్లికార్జున్‌కే. మన దేవుని మనిషికే."

ఒకరి తరువాత ఒకరు పదకొండు మంది అదే మాట అన్నారు. పన్నెండో మనిషి గోదావరి. పళ్లెం ముందుకొచ్చింది. ఆమె చేతులు కొంగులోనే ఉన్నాయి.

"ఏమైంది గోదారి? ముంచు," అన్నాడు రామస్వామి.

"దేనికి ముంచాలె మామా?"

"ఇందాకటి సంది చెవులెక్కడ పెట్టినవ్?"

"చెవులు ఈడనే ఉన్నయి. నెత్తికెక్కుత లేదు. నా ఓటు మల్లికార్జున్‌కేనని నిన్న నల్లా కాడ చెప్పిన. మొన్న కార్ఖానల చెప్పిన. ఖాజామియాకు ఎయ్యనని తొమ్మిదేండ్ల సంది చెప్తున్న, ఆయన ఎలక్షన్ల నిలబడకముందు సంది."

ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. రామస్వామి కూడా నవ్వాడు.

"గట్లయితె ఇంకేంది? ముంచు మరి."

"నీళ్లియ్యలేదని ఎయ్యనంటున్న నేను. నమాజ్ చదువుతడని ఎయ్యకుమంటున్నరు మీరు. గా రెండు ఒక్కటి గాదు మామా. నా కోపం నాకు ఉండనియ్యిండ్రి. దాని మీద మీ బొట్టు పెట్టకుండ్రి."

నవ్వులు ఆగిపోయాయి.

"ఏ కోపమైతేంది? ఓటు పడే కాడనే పడ్తది గద."

"పడ్డంక ముచ్చట చెప్తున్న. ఖాజామియా నీళ్లు బంద్ చేస్తె తూము మీద నిలబడి తిట్టిన. మండలాఫీసుకు పోయి అర్జీ పెట్టిన. రేపు మనోడే బంద్ చేస్తె? మన దేవుని మనిషే గద అని నోరు మూసుకోవాల్నా? లేకుంటె మల్లన్న గుడికి పోయి దేవుణ్ణే అడగాల్నా, మా గల్లి మోరీల మురుగు ఎందుకు తియ్యలేదు సామీ అని?"

"జాతర ముచ్చట చెప్పు ముందుగాల."

"జాతరకు పూజారి ఉన్నడు. నీ అసోంటి పెద్దమనుషులు ఉన్నరు. బోనం ఎత్తెటోళ్లం మేమున్నం. సర్పంచ్ మోరీకి, లైట్లకు, నల్లాకు. గా పనికి ఎవడు అక్కరకొస్తడో గది సూడాలె. వాళ్లు ముద్దలెక్క ఏస్తరంటివి. వాళ్లల్ల ఎవడన్న గిట్లనే పిలిచి ఒట్టు పెట్టిస్తె, వాని మొకం మీద గూడ గిదే మాట అంట. ఊరు ఇని ఉంచుకోవాలె."

"నీ మొగడు నిన్ననే పెట్టిండు ఒట్టు. మీ ఇంటి ఓట్లన్నడు. పోశన్నా, అన్నవా లేదా?"

పోశన్న స్తంభాన్ని చూశాడు, నేలను చూశాడు, పెండ్లాన్ని మాత్రం చూడలేదు. అన్నానన్నట్టు తల ఊపాడు.

"ఆయన ఓటు ఆయనది," అంది గోదావరి. "ఇండ్లకు ఓట్లు లేవు మామా. మనుషులకే ఉన్నయి."

ఆ మాటకు వెనక వరసలో ఎవరో ముసలావిడ "గదీ నిజమే" అని, వెంటనే దగ్గు వచ్చినట్టు దగ్గింది. రామస్వామి ముఖం ఎర్రబడింది. ఇంకాసేపు మాట్లాడనిస్తే పెట్టిన ఒట్లు కూడా వదులవుతాయని ఆయనకు అర్థమైంది. కానీ గోదావరి అప్పటికే పళ్లెం తన చేతుల్లోకి తీసుకుంది. ముంచుతుందనుకున్నారంతా. ఆమె దాన్ని తీసుకుపోయి, కుర్చీలో కూర్చున్న మల్లికార్జున్ ముందు పట్టింది.

"మరిదీ, నువ్వు ముంచు."

"నేనెందుకు వదినె?"

"ఓటు అడిగెటోనివి నువ్వు. గెలిస్తె బీడీలోళ్ల గల్లి మోరీ ఆరు నెలల్ల కట్టిస్తనని కాయిదం పంచినవ్ గద. బండారు ముట్టి గదే మాట అను. నువ్వనంగనే నేను ముంచుత, పదిసార్లు ముంచుత."

మల్లికార్జున్ చెడ్డవాడు కాదు. ఎరువుల దుకాణం నడుపుకుంటూ, నలుగురికీ అరువిచ్చి, మంచి అనిపించుకున్నవాడు. చెయ్యి ముందుకు చాపాడు. పసుపుకు బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. షెడ్డంతా ఆ వేళ్లనే చూస్తోంది.

"ఫండ్స్ వస్తెనే గద వదినె," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "రాకుంటె? బండారు ముట్టి అబద్ధమెట్లాడుదు?"

"గట్లనన్నవ్, బాగన్నవ్." ఆమె గొంతులో ఎగతాళి లేదు. "నీకు భయమున్నది, నాకూ ఉన్నది. పిల్లకు జరమొస్తె పెట్టుకుంటం గిది. బిడ్డ పుడితె పెట్టుకుంటం. లింబాద్రి గుట్టకు నడిచిపోంగ పెట్టుకుంటం. పక్కింటోడు ఏ దేవునికి మొక్కుతడో సూసి వాణ్ణి ఓడగొట్టెతందుకు పెట్టుకుంటమా?"

"ఓటు అడిగెటోడు ఒట్టు పెట్టుడు యాడన్న ఉన్నదా?" అని రామస్వామి అరిచాడు.

"లేదు. గందుకే మోరీ గిట్లున్నది."

పళ్లెం తీసుకుపోయి దేవుడి పటం ముందు జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులా మొక్కి, చెప్పులు వేసుకుని వచ్చేసింది. మిగిలిన ఆడవాళ్లలో ఎంతమంది ముంచారో, ఎంతమంది ఇంట్లో పాలు పొంగుతున్నాయని జారుకున్నారో తరువాత ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

మధ్యాహ్నం డప్పు మళ్లీ మోగింది. పోశన్న పెండ్లాం గోదావరి కమిటీ మాట కాదన్నది కాబట్టి ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, దుకాణంలో సామాను ఇవ్వకూడదు, నాట్లకు పోకూడదు, కార్ఖానాలో ఆకు ఇవ్వకూడదు, మాట్లాడినవాళ్లకు జుర్మానా పడుతుంది. ఎన్నికలో ఓటు పెట్టెలో పడకముందే ఈ ఇంటి పొయ్యి ఆర్పే పని మొదలైంది. గోదావరి గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. డప్పు కొట్టేవాడు ఆమెను చూసి తల దించుకున్నాడు.

అత్త భీమవ్వకు డెబ్బై దాటాయి. మంచం మీద నుంచే అందుకుంది. "ఊరందరిది ఒక తొవ్వ, నీది ఒక తొవ్వనా? వేలు ముంచి, బొట్టు పెట్టుకుని, లోపల నీ ఇష్టమున్న కాడ గుద్దుకుంటె ఏంబోయేది నీ అయ్యది? యాసంగి నాటుకు ఎవలొస్తరు ఇగ? రేపటికెల్లి ఏం తిందం?"

"బండారు ముట్టి అబద్ధమాడుమంటవా అత్తమ్మా?"

భీమవ్వ, వేరే కారణం దొరక్క, కూరలో ఉప్పు ఎక్కువైందని తిట్టింది. పోశన్న తిని, ముసుగుపెట్టుకుని పడుకున్నాడు.

సోమవారం పొద్దున గోదావరి మామూలుగానే చుట్టిన కట్టలు చాటలో పేర్చుకుని కార్ఖానాకు పోయింది. రామస్వామి ఇంట్లో లేడు. ఆయన భార్య అంజవ్వ కట్టలను ముట్టుకోకుండా, చాటను కాలితో కాదు పాపం, చేత్తోనే మెల్లగా వెనక్కి జరిపింది. గోదావరి ఎప్పుడూ కూర్చునే చోట తిరుపతమ్మ తన చాటను అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. వంచిన తల ఎత్తలేదు. ఆమె వేళ్లు ఆకును తప్పుగా చుట్టి, విప్పి, మళ్లీ తప్పుగానే చుట్టాయి. గోదావరికి ఏడుపొచ్చింది. అక్కడ ఏడవలేదు. దారిలో కూడా ఏడవలేదు. ఇంటికొచ్చి, చాట దించి, గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, పప్పు పొయ్యి మీద పెట్టింది.

పన్నెండున్నరకు ఇంటి ముందు ఒక టీవీఎస్ బండి ఆగింది. ఖాజామియా. తెల్లటి గడ్డం, అరిగిన ఖాకీ చొక్కా. పక్కసందులో కాక, నలుగురూ చూసేలా సరిగ్గా గుమ్మం ముందే ఆపాడు.

"చెల్లె," అన్నాడు.

తొమ్మిదేళ్ల తరువాత ఆ పిలుపు. గోదావరి గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"నాతోని మాట్లాడితె జుర్మానా ఏస్తరు. పో."

"ఏసుకోనీ. ఒక్క మాట చెప్పి పోత. నేను నామినేషన్ వాపస్ తీసుకుంటున్న. నా కోసం నీ పొయ్యి ఆరొద్దు."

"నీ కోసమా?" గోదావరికి ఒళ్లు మండింది. "నీ కోసం జేసిననుకుంటున్నవా? నేను నీకు ఓటెయ్య. అప్పుడూ ఎయ్యనన్న, ఇప్పుడూ ఎయ్య."

"ఎరికే."

"మరి దిగిపోవుడేంది? నువ్వు దిగిపోతె ఏమంటరో తెల్సా? సాయిబు ఒక్క డప్పు దెబ్బకు దిగిండు, ఇగ ఎన్నడూ నిలబడడు అంటరు. రేపు నీ జాగల ఇంకొకర్ని పెడ్తరు. గీ కులం సర్పంచ్ బోనం ముంగట నడవొద్దంటరు. ఎల్లుండి గీ గల్లోళ్లు వద్దంటరు. నువ్వు నిలబడాలె. నిలబడి ఓడిపో. నీళ్లు సరిగ్గ ఇయ్యనందుకు నా ఓటుతోని ఓడిపో. గంతేగని గిట్ల కాదు."

ఖాజామియా గడ్డం గోక్కున్నాడు. నవ్వబోయి మానేశాడు.

"నీళ్ల వంతు ఆ రోజు నీది గాకుండె చెల్లె. ఇప్పుడడిగినా గదే చెప్త."

"చెప్పు. నేనూ తిడ్త. మూడు గంటల దాకా టైమున్నది కద వాపస్‌కు? పోకు. ఇంట్ల కూసో."

"నేను పోయేది లేదు," అన్నాడు ఆయన, నేల చూస్తూ. "పొద్దుగాలనే సంతకం పెట్టిచ్చిన. రామస్వామి ఇంటికొచ్చి తీసుకున్నడు. సంతకం పెడితె నీ ఇంటి మీది కట్టుబాటు ఎత్తేస్తమని మాటిచ్చిండు. నీకు తెల్వకుండ జరగొద్దని వచ్చిన."

"నువ్వు పోయి ఇయ్యకుంటె కాయిదం చెల్లుతదా?"

"ఎలక్షన్ ఏజెంట్ ఇచ్చినా చెల్లుతదంట. గా పేరు గూడ రాసి తెచ్చిండ్రు. దాని మీద గూడ సంతకం పెట్టిన."

"ఎవరి పేరు?"

ఖాజామియా కళ్లు గోడ పక్కన పోశన్న రోజూ బండి పెట్టే చోటు మీదికి పోయాయి. అక్కడ బండి లేదు. యూరియా కోసం కోటగిరి సొసైటీకి పోతున్నానని తొమ్మిదింటికే బయలుదేరాడు పోశన్న. అతనికి డబ్బా కట్టి ఇచ్చింది కూడా గోదావరే.

గరిటె కింద పెట్టింది. పోశన్న పాపం ఎవరినీ ముంచాలని పోలేదు. పెండ్లాం చాట వెనక్కి తిరిగొస్తుందని ముందే తెలుసు కాబట్టి పోయాడు. ఆమె కడుపు నిండాలని పోయాడు. అది తెలిసే కొద్దీ ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఇంతకాలం తనను ఎవరూ ఇంత ప్రేమగా అమ్మేయలేదు.

"అత్తమ్మా, పప్పు దించు," అని లోపలికి కేకేసి, కొంగు నడుముకు చుట్టుకుంది. "బండి తిప్పు."

"యాడికి చెల్లె?"

"కోటగిరి మండలాఫీసుకు. నేను ఫోన్ చేస్తె ఆయన ఎత్తడు. కాయిదం లోపటికి పోకముందు అందుకోవాలె. సంతకం నీదే గద, ఇయ్యొద్దని నువ్వే చెప్పు."

"నా బండి మీద గూసుంటవా? ఊరు నడుమలకెల్లి పోవాలె."

"నడుమలకెల్లే పోనియ్యి. సందులకెల్లి పోతె నేను దిగుత."

భీమవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోడలు సాయిబు బండి వెనక ఎక్కడం చూసింది. తిడుతుందనుకున్నారు చుట్టుపక్కల తలుపుల సందుల్లోంచి చూస్తున్నవాళ్లు. ముసలమ్మ చెయ్యి ఊపి, "గట్టిగ పట్టుకోయే, పడ్తవ్," అంది.

బండి ఊరి నడుమ నుంచే పోయింది. నల్లా దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ ఎత్తుకోలేదు. కార్ఖానా ముందు తిరుపతమ్మ లేచి నిలబడింది. కమిటీ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి రామస్వామి మెట్ల మీద ఉన్నాడు. వాళ్లిద్దరినీ చూశాడు. అరుస్తాడనుకుంది గోదావరి. అరవలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఆమె వినేలా, తాపీగా మాట్లాడాడు.

"పోశన్నా, యాడున్నవ్? ఇంక మండలాఫీసు మెట్ల మీదనేనా? లోపటికి పో. నీ పెండ్లాం వస్తున్నది. కాయిదం ఇచ్చెయ్, ఇప్పుడే."